ముమ్మాటికీ నీలమే

జూన్ 3, మంగళవారం

కొత్త నోటుబుక్కు. గీతలు కనిపించీ కనిపించనట్టు వేశారు, సిరా మిగుల్చుకోవడానికి కాబోలు. చివరికి కాగితం కంపెనీ వాళ్ళు కూడా ఇలా తయారయ్యారు.

బట్టల దుకాణం వాళ్ళు నన్ను పని మాన్పించారు. దారాలు, గుండీలు, లైనింగు గుడ్డల కౌంటర్ నాది. ఎవరు ఏ గుడ్డముక్క తెచ్చినా ఒక్క చూపు చూసి, వెనక్కి తిరిగి, అదే రంగు దారపు రీలు చేతిలో పెట్టేదాన్ని. పెద్ద యజమాని బతికుండగా దారాల రంగులు చూపే షేడ్ కార్డు కొననివ్వలేదు. "ఆవిడ కన్ను ఉండగా మనకి కార్డెందుకు" అనేవాడు. ఆయన పోయాక గల్లా దగ్గర కొడుకు కూర్చున్నాడు. నిన్న నన్ను పిలిచి, "పిన్నిగారూ, దారాలు వెనక్కి వస్తున్నాయి. రంగు కలవట్లేదని గొడవ చేస్తున్నారు. మీరిక విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

విశ్రాంతట. పిన్నిగారూ అని పిలుస్తూనే బయటికి దారి చూపించాడు. దుకాణం నిండా తెల్లటి ట్యూబులైట్లు బిగించింది వాడు. ఆ వెలుగులో ఏ రంగు ఏమిటో దేవుడికి కూడా తెలియదు. తప్పు మాత్రం నాది.

జూన్ 5, గురువారం

తెల్లవారగానే తట్టింది. కౌంటర్ వాళ్ళదైతే అయింది, కన్ను నాది. ముక్కు బండి ఉంది కదా.

అది ఆ దుకాణం పికప్ బండే. ముందు భాగం గుండ్రంగా ముక్కులా పొడుచుకుని ఉంటుంది, వెనక చెక్కలు పరిచిన తొట్టి. బట్టల బేళ్ళు మోయడానికి మా ఆయన దాన్ని నడిపినన్నాళ్ళు నడిపారు. దుకాణం కొత్త బండి కొన్నప్పుడు దీన్ని ఇంటికి తెచ్చుకున్నారు. మోకాలు అరిగి క్లచ్ తొక్కలేకపోయాక అది షెడ్డులో పడి ఉంది. నాకూ నడపడం వచ్చు. ఆయనే నేర్పారు. తొట్టి మీద కప్పు వేసి, అరలు కట్టి, దారాలూ గుండీలూ పెట్టుకుని వీధి వీధికీ వెళ్తాను. కుట్టుపని చేసేవాళ్ళ గుమ్మం ముందే నా కౌంటర్ ఉంటుంది. అప్పుడు చూస్తాడు ఆ కుర్రాడు.

వదిన ఒప్పుకోవద్దూ. పై వాటాలో ఉంటుంది, షెడ్డు ఇద్దరిదీ. ఈ ఏడాది బండిని పాత ఇనుము వాడికి ఇచ్చేసి అక్కడ పూల కుండీలు పెట్టుకోవాలని ఆవిడ ముచ్చట. నా మాట విని ఒంటికాలి మీద లేచింది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు చెప్పు. బండి తీసేయడం నీకు ఇష్టమేనా కాదా?" అని ఆయన్ని నిలదీసింది.

"ఇష్టమే అక్కా" అన్నారు ఆయన. అంటూ ఎడమ చెవి తమ్మె పట్టుకున్నారు.

ఈ మనిషికి అబద్ధం రాదు. బేళ్ళు ఆలస్యమైతే పెద్ద యజమానితో "టైరు పంక్చరైందండీ" అంటూ చెవి పట్టుకునేవారు. పెళ్ళయిన కొత్తలో నా వంట బాగుందంటూ పట్టుకున్నారు. అప్పుడే కనిపెట్టాను. కాబట్టి బండి పోవడం ఆయనకి ఇష్టం లేదు. సెప్టెంబరులో ప్రభుత్వం వాళ్ళ తనిఖీలో బండి పాసైతే ఉంటుంది, లేకపోతే ఇనుము కొట్టుకి పోతుంది. వదినా నేనూ ఆ మాట మీద ఆగాం.

జూన్ 12, గురువారం

తుప్పు. గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ వేళ్ళ చివర్లు నున్నగా అయిపోయాయి. డ్రైవరు కాళ్ళ కింద రేకు లేదు, నేల కనిపిస్తోంది. నేను కొలతల కాగితం పరిచి, రవిక కత్తిరించినట్టు గీసి, ఆ ఆకారానికి రేకు కోయించుకొచ్చాను. సందు చివరి మెకానిక్ వచ్చి అతికాడు. ఇంజను విప్పి చూసి ప్రాణం ఉందన్నాడు. "ఇంట్లో కూర్చుని ఇంత పని ఎందుకమ్మా" అని కూడా అన్నాడు. ఇంట్లో కూర్చోకూడదనే కదా ఇంత పని.

జూన్ 21, శనివారం

మరలు పోతున్నాయి. తీసి గిన్నెలో వేస్తాను, మళ్ళీ చూస్తే ఉండవు. వదిన పనే అనుకున్నాను. ఆయన వచ్చి గిన్నె పక్క నుంచే ఏరి ఇచ్చారు. ఇంతకుముందు అక్కడ లేవు.

షెడ్డులో బల్బు మార్పించాను. కొత్తదీ అంతే. ఈ రోజుల్లో బల్బులన్నీ దొంగ సరుకు.

జూలై 2, బుధవారం

ఈ రోజు నా కడుపు మండిపోయింది. వైర్లు మార్చే పని మొత్తం నేనే చేశాను. పాత వైరు ఏ రంగో కొత్త వైరు అదే రంగు, ఒకటి తీయడం ఒకటి పెట్టడం. రంగులు కలపడమే కదా, నాకు కాక ఎవరికి వస్తుంది. అంతా బిగించి మెకానిక్‌ని పిలిచాను. ఆయన కుర్చీ వేసుకున్నారు. వదిన మేడ మీద నుంచి తొంగి చూసింది.

హారన్ నొక్కితే వైపర్ ఊగింది. ఎడమ దీపం మీట వేస్తే హారన్ మోగింది, మీట తీసినా ఆగలేదు. వీధి వీధంతా బయటికొచ్చింది. బ్యాటరీ పీకేదాకా అది అరుస్తూనే ఉంది.

మెకానిక్ లోపల చూసి, "నల్లదీ నీలందీ తారుమారు చేశారమ్మా" అన్నాడు. చేసింది నేను కాదు, వైర్ల కంపెనీ వాళ్ళు. నీలం పేరు చెప్పి నలుపు అమ్ముతున్నారు. వైరు పట్టుకుని కొట్టుకి వెళ్ళి నిప్పులు చెరిగాను. కొట్టువాడు నన్నూ వైరునీ మార్చి మార్చి చూసి ఇంకో చుట్ట ఇచ్చాడు. తప్పు లేకపోతే ఎందుకిస్తాడు.

జూలై 4, శుక్రవారం

ఆయన వైర్లన్నిటికీ దారాలు కట్టారు. హారన్‌కి ఒక ముడి, దీపానికి రెండు, వైపర్‌కి మూడు. బేళ్ళకి అలాగే గుర్తులు కట్టేవారు. "ఇవెందుకండీ" అంటే "నాకు గుర్తుండదు, నా కోసం" అన్నారు. చెయ్యి ఎటు పోయిందో చూడలేదు. వైర్లు బిగించింది మాత్రం నేనే. ముళ్ళు తడుముకుంటూ బిగిస్తే పని త్వరగా అయింది. చాదస్తం కూడా ఒక్కోసారి పనికొస్తుంది.

జూలై 9, బుధవారం

రంగుల దుకాణానికి వెళ్ళాను. సీటు కింద ఎండ తగలని చోట అసలు రంగు మిగిలే ఉంటుంది, రేకు ముక్క తెచ్చుంటే దాన్ని చూసి కలిపేవాణ్ణన్నాడు దుకాణదారుడు. నాకు రేకుతో పనేమిటి. ఆ బండి ఏ నీలమో నాకు తెలుసు. వాన వెలిసిన పొద్దున ఆకాశం ఎలా ఉంటుందో అలా.

వాడు కలిపి చూపించాడు. మురికి నీళ్ళలా ఉంది.

"ఇందులో ఆకుపచ్చ కొడుతోంది" అన్నాను.

"లేదమ్మా, ఇది శుద్ధమైన నీలం."

"ఆకుపచ్చని చంపాలంటే ఎర్ర చుక్క పడాలి. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రంగులతోనే ఉన్నాను. వెయ్యి."

వేశాడు. ఇంకా కొడుతూనే ఉంది. మళ్ళీ వేయించాను. మళ్ళీ. చివరికి వాడు డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఇంక వేస్తే ఊదా అయిపోతుందమ్మా, తర్వాత నన్ననకూడదు" అన్నాడు. డబ్బా లాక్కుని నేనే వేసి కలిపాను. అప్పుడు వచ్చింది అసలైన నీలం. నా నీలం. కళ్ళ నీళ్ళు తిరిగాయి. వాడు మాత్రం మూత బిగిస్తూ నా మొహం వైపు చూడలేదు. పనివాడికి పని నేర్పితే అలాగే ఉంటుంది మరి.

జూలై 14, సోమవారం

గుంటలకి లప్పం పెట్టడం, రుద్దడం, ప్రైమర్ కొట్టడం అయ్యాయి. ఈ రోజు రంగు. రంగు చిమ్మే గాలి మిషన్ అద్దెకి తెచ్చాం. అద్దాలకి కొలతల కాగితాలు అంటించాను. నేను కొడుతుంటే, కాళ్ళకి అడ్డం పడకుండా ఆయన రెండు చేతులతో గాలి గొట్టం పట్టుకుని వెనకాలే కుంటుతూ తిరిగారు.

బానెట్ అయ్యాక, "ఇది నీలమేనంటావా?" అన్నారు.

"మరి నీలం కాకపోతే ఎరుపా?" అన్నాను.

"ఏం లేదు. తడి మీద అలా కనిపిస్తోందేమో."

ఆయనకి బండి నడపడం వచ్చు కానీ రంగుల గురించి ఏం తెలుసు.

జూలై 15, మంగళవారం

ఆరింది. ఎంత బాగుందో.

జూలై 17, గురువారం

తలుపులకి రంగు చాలలేదు. మళ్ళీ కలిపించాను. దుకాణదారుడు ఈసారి నోరెత్తకుండా సీసాలు నా ముందు పెట్టి పక్కకి తప్పుకున్నాడు. దారికొచ్చాడు.

జూలై 28, సోమవారం

సీటుకి గుడ్డ కుట్టాను, అంచులకి పైపింగ్ వేశాను. చేత్తో కుట్టాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. ఆయన ఊరికే కూర్చుంటున్నారని సూదుల్లోకి దారం ఎక్కించే పని అప్పజెప్పాను. పొద్దున్నే దిండుకి వరసగా గుచ్చి పెడుతున్నారు. మనిషికి ఏదో ఒక పని ఉండాలి కదా.

ఆగస్టు 4, సోమవారం

వీధి పిల్లలు నా బండికి పేరు పెట్టారు. వంకాయ బండట. గోడ మీద బొగ్గుతో కూడా రాశారు. ముక్కు గుండ్రంగా ఉంది కదా, అందుకని. ఆకారాన్ని చూసి వెక్కిరించడం తప్పని ఇళ్ళలో నేర్పరు కాబోలు. బొగ్గు రాత చెరిపేసి నాలుగు తిట్టి వచ్చాను.

ఆగస్టు 11, సోమవారం

వదిన కిందికి దిగి బండి చుట్టూ ప్రదక్షిణ చేసింది. "తలుపులు ఒక రకం, బానెట్ ఒక రకం. ఇదేదో కొత్త ఫ్యాషనా అమ్మాయ్?" అంది.

"నీడ పడింది వదినా."

"మిట్టమధ్యాహ్నం నీడేమిటే."

ఆయన లేచి, "అక్కా, నీ మందుల టైమైంది" అన్నారు, చెవి పట్టుకుని. ఆవిడకి మధ్యాహ్నం మందులేమీ లేవు. నేను తిరిగి నాలుగు అనేలోపల ఆవిణ్ణి మేడ ఎక్కించేశారు. నన్ను మాట్లాడనిచ్చి ఉంటే బాగుండేది. అసూయ అనేది ఎంత దూరం పోతుందో.

ఆగస్టు 20, బుధవారం

నా లైసెన్సు కొత్తది చేయించాలి. కళ్ళ డాక్టరు సంతకం కావాలట. వాన, వెళ్ళలేదు.

ఆగస్టు 21, గురువారం

డాక్టరు సెలవట. ఎవరో అన్నారు.

ఆగస్టు 27, బుధవారం

వాన.

అయినా నా కళ్ళ గురించి ఇంకొకడు కాగితం మీద రాసివ్వడమేమిటి. తనిఖీకి బండిని మెకానిక్ నడుపుతాడు. సంతకం సంగతి తర్వాత చూద్దాం.

సెప్టెంబర్ 2, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తనిఖీ మైదానంలో బండ్ల వరస. మా వంతు వచ్చింది. బ్రేకులు చూశారు, బాగున్నాయి. దీపాలు, హారన్, వైపర్, ఏది నొక్కితే అది పలికింది. ఇన్‌స్పెక్టరు బండి పుస్తకం తెరిచి, బండిని చూసి, మళ్ళీ పుస్తకాన్ని చూశాడు.

"ఇందులో నీలం అని ఉందమ్మా."

"ఉంటుంది. అది నీలమే కదా."

"ఇది నీలం కాదు. రంగు మార్చినప్పుడు ముందే రాసివ్వాలి. పక్కన పెట్టండి."

నాకు ఒళ్ళు తెలియలేదు. ముప్పూటలా తుప్పు తిని పనిచేసి, వేళ్ళు అరగదీసుకుని, చివరికి ఒక గుమాస్తా చేత నీలం నీలం కాదనిపించుకోవాలా. నేను ఏం పనిచేసి వచ్చానో చెప్పాను. పెద్ద యజమాని నా కన్ను గురించి ఏమనేవాడో చెప్పాను. దుకాణంలో ఆ కుర్రాడి సంగతి కూడా చెప్పాను, అక్కడ అవసరం లేకపోయినా. లారీల వాళ్ళు దిగి చుట్టూ మూగారు. ఎవడో "వంకాయ రంగు" అన్నాడు. ఇంకొకడు "అచ్చం" అన్నాడు. నేను బానెట్ మీద చరిచి, "నీలం, ముమ్మాటికీ నీలమే" అన్నాను.

ఇన్‌స్పెక్టరుకి విసుగొచ్చింది. చేతికర్ర మీద ఆని నిలబడ్డ ఆయన వైపు తిరిగి, "పెద్దాయనా, మీరు చెప్పండి. ఈ బండి ఏ రంగు?" అన్నాడు.

అందరూ ఆయన్నే చూశారు. ఆయన నన్ను చూశారు.

"నీలమేనండి" అన్నారు.

కర్ర కుడి చేతిలో ఉంది. ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచి చెవి తమ్మె పట్టుకుంది.

లారీల వాళ్ళు నవ్వారు. ఇన్‌స్పెక్టరు గడువు ఏదో ఇచ్చాడు, మెకానిక్ విన్నాడు, నేను వినలేదు.

ఎంత ధైర్యం. నేనేమన్నా చిన్నపిల్లనా, పదిమందిలో నా కోసం అబద్ధమాడడానికి.

సెప్టెంబర్ 3, బుధవారం

వాన లేదు. డాక్టరూ ఉన్నాడు.

సెప్టెంబర్ 4, గురువారం

రెండు కళ్ళలోనూ శుక్లాలు, ముదిరాయి. పసుపు అద్దం వెనక నుంచి చూస్తున్నట్టే ఇన్నాళ్ళూ చూస్తున్నానట. నీలాలు ముందు పోతాయట. "ఇంతకాలం తెలియలేదా?" అన్నాడు డాక్టరు. ఆ డాక్టరు వయసెంత, నా అనుభవమెంత. నాకు తెలియాల్సింది నా కళ్ళ వల్లే కదా, అవే చెప్పకపోతే నేనేం చేయను. గట్టిగానే అన్నాను. ఈయన బయట కూర్చుని అన్నీ విన్నారు.

ముందు ఎడమ కన్ను. ఒక నెల ఆగి కుడిది.

సెప్టెంబర్ 18, గురువారం

అయింది. రాయకూడదన్నారు.

సెప్టెంబర్ 20, శనివారం

కట్టు విప్పారు. ఇంటికి రాగానే నల్ల కళ్ళద్దాలు తీసేసి షెడ్డులోకి వెళ్ళాను.

కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. వంకాయ. నిగనిగలాడే వంకాయ. బానెట్ లేత వంకాయ, తలుపులు ముదురు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. నా నీలం. మళ్ళీ మార్చాను. వంకాయ. నీలం. వంకాయ. అలా ఎంతసేపు నిలబడ్డానో, ఆయన వచ్చి కుర్చీ వేశారు.

"ఇది మీకు మొదటి రోజు నుంచీ తెలుసు" అన్నాను.

"అడిగాను కదా, నీలమేనంటావా అని."

"అడగడం వేరు, చెప్పడం వేరు. గొట్టం పట్టుకుని నా వెనకాల తిరిగారే, ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"దుకాణం వాళ్ళు చెప్పినప్పుడు నీ మొహం చూశాను" అన్నారు. "మళ్ళీ ఆ మాట నా నోటితో అనలేకపోయాను."

దానికి ఏం తిట్టాలో రోజంతా వెతుక్కుంటూనే ఉన్నాను.

సెప్టెంబర్ 22, సోమవారం

నా దారపు రీళ్ళ పెట్టె తెరిచాను. దుకాణంలో చివరి నెలల్లో నేను గుడ్డముక్కకీ దారానికీ జతలు కట్టి పెట్టినవి.

మూసేశాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

మళ్ళీ రంగు వేద్దామన్నాను. రెండో కన్ను అయ్యాక, సీటు కింద నుంచి రేకు ముక్క తీసుకెళ్ళి, ఆ దుకాణదారుడి చేతే కలిపిద్దామన్నాను. అన్నీ మళ్ళీ రుద్దాలి. ఓపిక లేదు, అయినా రుద్దుతాను. నా చేత్తో చేసిన తప్పు వీధుల్లో తిప్పుకోలేను.

"వద్దు. ఇదే బాగుంది" అన్నారు ఆయన.

"ఓదార్చకండి."

"ఓదార్పు కాదు. నీలం బండి చాలామందికి ఉంటుంది. నాకు మొదటి రోజు భయం వేసింది కానీ, ఇప్పుడు ఇదే నచ్చింది. తలుపులు కూడా అలాగే ఉండనీ."

నేను ఆయన చేతుల వైపే చూస్తున్నాను. రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి, కదల్లేదు. ఇంకొంచెంసేపు చూశాను. కదల్లేదు.

ఇంతకాలం కాపురం చేసినా ఈ మనిషికి రంగుల్లో ఇంత ఘోరమైన అభిరుచి ఉందని తెలియలేదు.

అక్టోబర్ 29, బుధవారం

రెండు కళ్ళూ అయ్యాయి. లైసెన్సు వచ్చింది. బండి పుస్తకంలో రంగు మార్పించడానికి వెళ్తే గుమాస్తా, "వంకాయ అనే రంగు మా దగ్గర లేదు, ఊదా అని రాస్తా" అన్నాడు. ఊదా వేరు, వంకాయ వేరు. గుడ్డ తెచ్చి చూపిస్తానన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు గోల చేశారు. ఊదా అనే రాశాడు. గడువు లోపలే బండి తనిఖీలో పాసైంది. ప్రభుత్వానికి కూడా శుక్లాలున్నాయి.

నవంబర్ 6, గురువారం

మొదటి రోజు. నేనే నడిపాను, ఆయన పక్క సీటు. వదిన మేడ మీద నుంచి చూసింది, చెయ్యి ఊపలేదు. పిల్లలు "వంకాయ బండి" అని అరుస్తూ వెంటపడ్డారు. ఈసారి తిట్టలేదు, నిజమే కదా.

వీధి వీధీ తిరిగాం. ఎవరూ ఆపలేదు. ఒకావిడ కిటికీలోంచి చూసి కిటికీ మూసుకుంది. మధ్యాహ్నానికి ఒక్క గుండీ కూడా అమ్మలేదు. పట్టుదల కొద్దీ బండిని తిన్నగా తీసుకెళ్ళి పాత దుకాణం ఎదురుగా ఆపాను. ఆపొద్దని ఎక్కడా రాసి లేదు.

కాసేపటికి ఆ కుర్రాడు బయటికొచ్చాడు. చేతిలో చిన్న గుడ్డముక్క. నా మొహం చూడకుండా, "దీనికి దారం దొరకట్లేదు పిన్నిగారూ. కొనేవాళ్ళు లోపల కూర్చున్నారు" అన్నాడు. తొట్టి దగ్గరికి దిగి చూశాను. నీలమే, కానీ మబ్బు పట్టిన నీలం, లోపల బూడిద దాగి ఉంది. వెనక్కి తిరిగి అరలోంచి రీలు తీసి చేతిలో పెట్టాను. వాడు నా మాట నమ్మకుండా గుడ్డనీ దారాన్నీ ఎండలోకి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఒళ్ళు మండింది కానీ చూసుకోనిచ్చాను. గుడ్డ మీద దారం పెడితే దారం కనిపించలేదు.

నేను మళ్ళీ సీటెక్కాక వాడు మెల్లగా ఆయన కిటికీ వైపు వచ్చాడు. "బాబాయ్, వ్యాపారం ఎలా ఉంది?" అన్నాడు.

"బేరాలతో ఊపిరి ఆడట్లేదు బాబూ" అన్నారు ఆయన.

చెయ్యి అప్పటికే లేచింది. సగం దారిలో పట్టుకుని కిందికి దించి, వాడు వెళ్ళేదాకా నా ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాను.